కంట్లో సూది, ధరలో నలభై రెట్లు తేడా

మా నాన్నగారు ముప్పై ఆరేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పారు. స్కేలు పెట్టకుండా బోర్డు మీద సరళరేఖ గీసి, "ఎక్కడైనా వంకరుందా?" అని పిల్లల్ని అడిగే రకం. అలాంటాయన ఒకరోజు పొద్దున్నే తెనాలి నుంచి ఫోను చేసి, "ఏరా, మన వీధి గుమ్మం ద్వారబంధం మధ్యలో వంగినట్టు కనపడతా ఉంది. ఎడం కన్ను మూస్తే సరిగ్గానే ఉంది, కుడి కన్ను మూస్తే వంగుతోంది. కాబట్టి తేడా ద్వారబంధంలో లేదు, నా ఎడం కంట్లో ఉంది" అన్నారు. రోగాన్ని సగం ఆయనే కనిపెట్టేశారన్నమాట.

ఆస్పత్రిలో ఆయన చేతికి ఒక గళ్ళ కాయితం ఇచ్చారు. స్విట్జర్లాండు డాక్టరు మార్క్ ఆమ్‌స్లర్ పేరు మీద దాన్ని ఆమ్‌స్లర్ గ్రిడ్ అంటారు. చుట్టూ గళ్ళు, మధ్యలో ఒక చుక్క. మనలాంటి వాళ్ళకి ఖాళీ ఎక్సెల్ షీటులా ఉంటుంది. నాన్న ఒక కన్ను మూసుకుని దాన్ని చూసి, పెన్ను అడిగి తీసుకుని, గీతలు ఎక్కడెక్కడ వంగాయో దాని మీదే గీసి ఇచ్చారు. ఆ డాక్టరుగారు నవ్వి, "మాష్టారూ, మా స్కానింగు కూడా ఇదే చెబుతోంది" అన్నారు. వెట్ ఏఎమ్‌డీ అట. వయసు పైబడ్డాక రెటీనా మధ్య భాగం కింద పిచ్చి రక్తనాళాలు మొలుస్తాయి. మొలిచినవి గట్టివి కావు, కారతాయి. ఆ నీరు, రక్తం చేరి రెటీనా పైకి లేస్తుంది, గీతలు వంకరపోతాయి. వదిలేస్తే మధ్యలో నల్లమచ్చ మిగులుతుంది.

తరవాత నా చేతికో కాయితం ఇచ్చారు. కంట్లోకి వేసే ఇంజెక్షను మందులు మూడు, వాటి ఎదురుగా ధరలు. ఒకదాని ధర మిగతా రెంటిలో చిన్న భాగం. "పనితనం దాదాపు ఒకటే సార్. కాకపోతే ఇది కేన్సర్ మందు, కంటికి ఆఫ్-లేబుల్. ఏది వెయ్యమంటారు?" అని అడిగాడు అక్కడి కుర్ర డాక్టరు.

ఇరవయ్యేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, వెండర్ల కొటేషన్లు చాలానే చూశాను. ఒకే పని చేసే రెండు సరుకుల మధ్య అంత తేడా ఉందంటే ఏదో మతలబు ఉందనే అనుమానం నాకు అలవాటు. చవకది ఒప్పుకుంటే నాన్న కంటి దగ్గర కక్కుర్తి పడ్డట్టు. ఖరీదైనది ఒప్పుకుంటే, ఇది ఒక్కసారితో పోయేది కాదు, నెల నెలా వేయించాలి, ఎన్నేళ్ళో తెలీదు. ఒక రోజు గడువడిగి ఇంటికొచ్చి రాత్రంతా చదువుతూ కూర్చున్నా. ఆ చదివిందే ఈ టపా. నేను డాక్టర్ని కాను, మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బుంటే మీ డాక్టరు మాటే వినండి.

ముందు మా నాయనమ్మ సంగతి చెప్పాలి. 1994 ప్రాంతంలో ఆవిడకీ సరిగ్గా ఇలాగే మొదలైంది. గుమ్మంలో ఎవరో నిలబడ్డారని తెలిసేది, మొహం తెలిసేది కాదు. "ఎవరు నాయనా?" అని అడిగి, గొంతు వినిపించాక చెయ్యి పట్టుకునేది. గుంటూరు తీసుకెళితే "శుక్లం కాదమ్మా, లోపల పొర పోయింది, ఇక చేసేదేం లేదు" అన్నారు. వాళ్ళ తప్పేం లేదు. అప్పటికి ఉన్నది వేడి లేజరు ఒక్కటే. పిచ్చినాళాన్ని మాడ్చాలంటే దాని మీదున్న రెటీనాని కూడా మాడ్చాలి. నాళం సరిగ్గా చూపు మధ్యలో ఉంటే, వైద్యమే చూపు తీసేసేది.

మందు వేసి మాన్పొచ్చు కదా అంటే, ఏ దారిన పంపాలి? చుక్కలమందు వేస్తే కన్నీళ్ళతో కొట్టుకుపోతుంది, మిగిలింది కంటి ముందు భాగంలోనే ఆగిపోతుంది. బిళ్ళ మింగితే ఒళ్ళంతా తిరుగుతుంది గానీ, రెటీనా రక్తనాళాల గోడలు మెదడులో ఉన్నట్టే గట్టి కాపలా కాస్తాయి, అన్నిటినీ లోపలికి రానివ్వవు. మన భాషలో చెప్పాలంటే ఫైర్‌వాల్ వెనకున్న సర్వరు. దాడి ఎవరు చేస్తున్నారో తెలియాలి, మందు లోపలికి చేరే దారీ తెలియాలి. ఈ రెండూ తేలడానికి అరవై ఏళ్ళు పట్టింది.

మొదటిదాని కథ 1948లో మొదలవుతుంది. ఐజాక్ మైకేల్సన్ అనే కంటి డాక్టరు రెటీనాలో రక్తనాళాలు ఎలా పెరుగుతాయో చూస్తూ, ఆక్సిజన్ బాగా అందే ధమనుల పక్కన సన్ననాళాలు తక్కువగా ఉన్నాయని గమనించాడు. అంటే ఆక్సిజన్ చాలని రెటీనా ఏదో రసాయనాన్ని వదిలి "నాళాలు కావాలి" అని కబురు పెడుతోందని ఊహించాడు. ఆ రసాయనం ఏదో ఆయనకి దొరకలేదు. తరవాతి వాళ్ళు దాన్ని ఫ్యాక్టర్ ఎక్స్ అని పిలుచుకున్నారు. 1971లో బోస్టన్ సర్జను జూడా ఫోక్‌మన్, కేన్సరు గడ్డలు కూడా ఇలాగే కబురుపెట్టి నాళాలు తెప్పించుకుంటాయని, ఆ కబురు ఆపితే గడ్డ ఎండుతుందని రాశాడు. చాలా ఏళ్ళపాటు ఎక్కువమంది నమ్మలేదు.

ఇకపోతే 1983లో హార్వర్డ్‌లో సెంగర్, డ్వొరాక్ బృందం గడ్డల నుంచి ఒక ప్రొటీను పట్టింది. అది నాళాల్ని కారేట్టు చేస్తుంది. 1989లో జెనెన్‌టెక్ కంపెనీలో నెపోలియోన్ ఫెరారా అనే ఇటలీ శాస్త్రవేత్త ఆవుల పిట్యూటరీ గ్రంథి కణాల నుంచి ఇంకో ప్రొటీను పట్టాడు. అది నాళాల్ని పెంచుతుంది. ఆయన్ని కంపెనీ తీసుకున్నది రిలాక్సిన్ అనే వేరే హార్మోను పని మీద. ఇది సొంత పనికి కంపెనీ వదిలిన సమయంలో చేసింది. (మనకీ అలాంటి సమయం ఇస్తామని జాయినింగప్పుడు చెప్తారు, అది వేరే టపా :-) జన్యువు చదివి చూస్తే 1983 నాటి కారుడు ప్రొటీనూ, ఈ పెంచే ప్రొటీనూ ఒకటే! ఆ రెండు ప్రొటీన్ల జన్యువుల మీద పేపర్లు ఒకే పత్రికలో ఒకే సంచికలో వచ్చాయి. పేరు వీఈజీఎఫ్. నాళం పుట్టించడం, పుట్టినదాన్ని కార్చడం, రెండూ దీని పనే. 1994లో మధుమేహంతో కళ్ళు పాడైన వాళ్ళ కంటి ద్రవంలో ఇది ఎక్కువగా ఉన్నట్టు తేలింది. మైకేల్సన్ ఊహించిన మనిషి దొరికాడు, నలభై ఆరేళ్ళకి.

అన్నట్టు, అది మా నాయనమ్మకి "చేసేదేం లేదు" అని చెప్పిన కాలమే.

ఇక దారి సంగతి. ఇందులో నాకు బాగా నచ్చిన ఘట్టం విజుడైన్. వాంకూవర్‌లో జూలియా లెవీ అనే ఇమ్యునాలజీ ప్రొఫెసర్ క్యూఎల్‌టీ అని ఒక చిన్న కంపెనీ పెట్టుకుంది. రక్తంలో ఉండే పోర్ఫిరిన్ల కుటుంబానికి చెందిన పదార్థం ఒకటుంది, వెలుగు పడేదాకా నోరుమెదపదు. వెలుగు పడితే ఆక్సిజన్‌ని రెచ్చగొట్టి పక్కనున్న కణాన్ని చంపుతుంది. కేన్సరుకి వాడదామని మొదలెట్టారు. లెవీ వాళ్ళమ్మగారికే ఏఎమ్‌డీ వచ్చి చూపు తగ్గుతుండేసరికి, ఇది కంటికెందుకు వాడకూడదు అన్న ఆలోచన గట్టిపడింది. చేతి నరంలోకి మందు ఎక్కిస్తారు. అది ఒళ్ళంతా తిరిగినా కొత్తగా మొలుస్తున్న నాళాల్లో ఎక్కువగా చేరుతుంది. పావుగంటకి కంట్లో పిచ్చినాళం ఉన్న చోట మాత్రం 689 నానోమీటర్ల ఎర్ర కాంతి 83 సెకన్లు వేస్తారు. వేడి పుట్టించే లేజరు కాదు, పైన రెటీనా మాడదు. మందు అంతటా ఉంది, స్విచ్చు మాత్రం ఒక్కచోటే నొక్కారు. గురిపెట్టి మందు వెయ్యడం అంటే నాకు తెలిసి ఇంత అందమైన ఉదాహరణ ఇంకోటి లేదు. 2000 ఏప్రిల్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. వేయించుకున్న వాళ్ళు అయిదు రోజులు ఎండలోకి రాకూడదు, ఎండ పడితే మిగిలిన మందు చర్మం మీద పనిచేస్తుంది.

అందంగా ఉంది గానీ ఫలితం అంతంత మాత్రం. ఏడాదిలో కంటి చార్టు మీద 15 అక్షరాల కన్నా తక్కువ పోగొట్టుకున్న వాళ్ళు మందు వేసినవాళ్ళలో 61 శాతం, వెయ్యనివాళ్ళలో 46 శాతం. అంటే పోవడం నెమ్మదించింది, పోయింది తిరిగి రాలేదు. 2004 డిసెంబరులో మాక్యుజెన్ వచ్చింది. వీఈజీఎఫ్‌ని నేరుగా పట్టుకునే మొదటి కంటి మందు, సూదితో కంట్లోకే వేసేది. దానిదీ ఇదే కథ.

ఇక్కడ మన అవాస్టిన్ రంగంలోకి వస్తుంది. జెనెన్‌టెక్ వాళ్ళు వీఈజీఎఫ్‌ని పట్టే యాంటీబాడీ తయారుచేశారు, పెద్దపేగు కేన్సరుకి 2004 ఫిబ్రవరిలో అనుమతి వచ్చింది. అదే అవాస్టిన్. కంటి కోసం అదే యాంటీబాడీ వంశం నుంచి ఒక ముక్క తీసి, పట్టు పెంచి, ఇంకో మందు చేశారు, అది లుసెంటిస్. ముక్క ఎందుకంటే, 1999లో కోతుల మీద చేసిన ఒక ప్రయోగంలో పూర్తి యాంటీబాడీ రెటీనా పొరల్ని దాటి లోపలికి వెళ్ళలేదు, ముక్క వెళ్ళింది. కానీ ఆ ప్రయోగంలో వాడిన పూర్తి యాంటీబాడీ అవాస్టిన్ కాదు, రొమ్ము కేన్సరుకి వాడే వేరే యాంటీబాడీ! డిజైన్ డాక్యుమెంటులో ఒక అసంప్షన్ రాసుకుని, దాని మీద మొత్తం ప్రాజెక్టు కట్టేసి, ఎవరూ మళ్ళీ వెనక్కి తిరిగి చూడకపోవడం మన దగ్గరే అనుకున్నాను. ముక్క చెయ్యడానికి ఇతర కారణాలూ ఉన్నాయి లెండి, ఒంట్లోకి వెళ్ళినా తొందరగా పోతుంది, వాపు తక్కువ ఉండొచ్చు అని. అవి తీసిపారేసేవి కావు.

లుసెంటిస్ పరీక్షల్లో జరిగింది మాత్రం నిజంగా గొప్ప విషయం. నెల నెలా వేయించుకున్నవాళ్ళలో 95 శాతం మంది దాకా చూపు నిలబెట్టుకున్నారు. మూడోవంతు మందికి 15 అక్షరాలు, అంతకన్నా ఎక్కువ తిరిగొచ్చాయి. ఈ జబ్బులో చూపు తిరిగి రావడం అన్నది అంతకుముందు లేదు. నాయనమ్మ గుర్తొచ్చి ఆ గ్రాఫు చూస్తూ కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఒక గీత పైకి, ఇంకో గీత కిందికి.

కానీ ఆ మందు అమ్మకానికి రావడానికి ఇంకా ఏడాది ఉంది. మయామీలో బాస్కమ్ పామర్ ఆస్పత్రి డాక్టరు ఫిలిప్ రోజెన్‌ఫెల్డ్ లుసెంటిస్ పరీక్షల్లో ఉన్నవాడే, అది ఎలా పనిచేస్తోందో కళ్ళారా చూస్తున్నాడు. పరీక్షల్లో లేని తన మిగతా రోగులు ఎదురుగా గుడ్డివాళ్ళవుతున్నారు. అవాస్టిన్ మాత్రం మందుల షాపులో ఉంది. ముందు చేతి నరంలోకి ఎక్కించి చూశాడు. కన్ను బాగుపడింది, కానీ రక్తపోటు పెరిగింది, పైగా అంత మోతాదు అంటే ఖర్చు. అప్పుడు 2005 మే నెలలో ఒక రోగికి ఒక మిల్లీగ్రాము నేరుగా కంట్లోకే వేశాడు. నరంలోకి ఎక్కించే మోతాదుతో పోలిస్తే వందల రెట్లు తక్కువ. వారానికల్లా స్కానింగులో రెటీనా కింద నీరు మాయం. జూలైలో మాంట్రియల్‌లో రెటీనా డాక్టర్ల సమావేశంలో చెప్పాడు. ఆ తరవాత కొద్ది నెలల్లోనే ప్రపంచమంతా పాకిపోయింది. కంపెనీ ప్రకటన లేదు, మెడికల్ రెప్పులు తిరగలేదు, అనుమతి అసలే లేదు. డాక్టర్లు ఒకరికొకరు చెప్పుకున్నారంతే.

లెక్క చూడండి, మా నాన్నకి నచ్చిన భాగం ఇదే. అవాస్టిన్ చిన్న సీసాలో 4 మిల్లీలీటర్లు, 100 మిల్లీగ్రాములు. కంటికి కావలసింది 0.05 మిల్లీలీటరు, అంటే 1.25 మిల్లీగ్రాములు. కాయితం మీద సీసాకి 80 డోసులు, వృథా పోగా తక్కువే అనుకోండి. కేన్సరు రోగి ఒకరికి ఒక పూటకి చాలని సీసా ఒక వార్డుకి సరిపోతుంది. అమెరికాలో లుసెంటిస్ 2006 జూన్ చివర్లో వచ్చినప్పుడు డోసు సుమారు 2000 డాలర్లు. అవాస్టిన్ డోసు సుమారు 50 డాలర్లు. నలభై రెట్లు. రెండూ ఒకే కంపెనీవి!

2007 అక్టోబరులో ఆ కంపెనీ, సీసాని చిన్న సిరంజీల్లోకి పంచే ఫార్మసీలకి అవాస్టిన్ అమ్మం అని ప్రకటించింది. భద్రత కోసం అంది. డాక్టర్లు గోలచేస్తే, డాక్టర్లే కొని ఫార్మసీకి పంపించుకోవచ్చు అని సర్దుబాటు చేసింది. రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చే పరీక్ష మాత్రం కంపెనీ పెట్టలేదు. ఎందుకు పెడుతుంది? గెలిస్తే కొత్తగా వచ్చేదేం లేదు, ఓడితే నష్టం. చివరికి అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్ ప్రజల సొమ్ముతో సుమారు 1,200 మందితో పరీక్ష పెట్టింది. 2011 మేలో ఫలితం వచ్చింది. నెల నెలా వేసినవాళ్ళకి ఏడాదిలో లుసెంటిస్‌తో 8.5 అక్షరాలు పెరిగాయి, అవాస్టిన్‌తో 8.0. పూర్తి యాంటీబాడీ రెటీనా దాటదన్న ఆ పాత అసంప్షన్ అక్కడితో సరి. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కంటి వాడకానికి అవాస్టిన్ మందుని అత్యవసర మందుల జాబితాలో పెట్టింది. 2014లో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ, చవక మందు మీద అనుమానాలు పెంచి ఖరీదైనది అమ్ముకున్నారని రోష్, నోవార్టిస్ కంపెనీలకి 18 కోట్ల యూరోలకి పైగా జరిమానా వేసింది.

ఇంతవరకూ చదివితే నాలో విప్లవకారుడు లేచి కూర్చున్నాడు. కానీ తెల్లవారుజామున ఇంకొన్ని చదివాక కాస్త తగ్గాడు. అదే 2011 ఫలితాల్లో, ఆస్పత్రిలో చేరాల్సినంత ఇతర ఆరోగ్య సమస్యలు అవాస్టిన్ వాళ్ళలో 24.1 శాతం, లుసెంటిస్ వాళ్ళలో 19.0 శాతం కనిపించాయి. అన్ని పరీక్షలూ కలిపి చూసిన 2014 సమీక్షలో ఆ తేడా నిలబడలేదు. అసలు భయం మందుతో కాదు, పంచడంతో. 2011లోనే ఫ్లోరిడాలో ఒక ఫార్మసీ పంచిన సిరంజీల్లో సూక్ష్మజీవి చేరి పన్నెండు మంది కళ్ళకి తీవ్రమైన ఇన్ఫెక్షను వచ్చింది. మన దగ్గర 2016 జనవరిలో గుజరాత్‌లో కొందరికి ఇంజెక్షను తరవాత కళ్ళు దెబ్బతింటే, కేంద్ర ఔషధ నియంత్రణ అధికారి అవాస్టిన్ కంటికి వాడొద్దని హెచ్చరిక ఇచ్చారు. కంటి డాక్టర్ల సంఘాలు వెళ్ళి మొరపెట్టుకున్నాక కొద్ది నెలల్లోనే వెనక్కి తీసుకున్నారు. ఒక సీసాని ఎనభై సార్లు గుచ్చే చోట ఒక్కసారి శుభ్రం తప్పినా ఎనభై కళ్ళు. కోడ్ సరిగ్గానే ఉంది, డిప్లాయ్‌మెంటులో పోతోంది.

మధ్యేమార్గం కూడా మన దేశంలోనే పుట్టింది. 2015లో ఇంటాస్ కంపెనీ రజుమాబ్ తెచ్చింది, లుసెంటిస్‌కి ప్రపంచంలోనే మొదటి బయోసిమిలర్. ఆస్పత్రి కాయితం మీద రెండో పేరు అదే.

తెల్లారేలోపు దొరికిన ఇంకో సంగతి, మన తెలుగువాళ్ళకి సంబంధించింది. పదిహేడేళ్ళకే డాక్టరైన అంబటి బాలమురళి పేరు తొంభైల్లో చదువుకున్నవాళ్ళందరికీ గుర్తుంటుంది, మార్కులు తగ్గినప్పుడల్లా ఇంట్లో ఆ పేరుతోనే తిట్లు పడేవి. ఆయన, ఆయన అన్న జయకృష్ణ, ఇద్దరూ కంటి పరిశోధనలోకే వెళ్ళారు. 2006లో నేచర్ పత్రికలో వాళ్ళ బృందం ఒక చక్కని ప్రశ్నకి జవాబిచ్చింది. నల్లగుడ్డు మీది కార్నియాలో రక్తనాళాలు అసలెందుకు ఉండవు? ఉంటే మనకి ఏమీ కనపడదు కదా. జవాబేంటంటే, వీఈజీఎఫ్ అక్కడా ఉంది, కానీ కార్నియా ఒక ఉత్తుత్తి గ్రాహకాన్ని తయారుచేసి దాన్ని పట్టి కట్టేస్తుంది. అంటే అవాస్టిన్ చేసే పని కార్నియా తనంతట తనే ఎప్పట్నుంచో చేసుకుంటోంది. మనాటీ అనే నీటి జంతువు కార్నియాలో మాత్రం నాళాలుంటాయి. చూస్తే, దానిలో ఆ ఉత్తుత్తి గ్రాహకం లేదు. దాని చుట్టం డుగాంగ్‌లో ఉంది, ఏనుగులో ఉంది.

2009లో బాలమురళి, ఇంటిపేరు చూస్తే మనవాళ్ళే అనిపించే ఉదయ్ కొంపెల్ల, ఇంకొందరు కలిసి ఇదే ఆలోచనని నానోకణాల్లో పెట్టారు. వీఈజీఎఫ్‌ని కణం లోపలే ఆపేసే జన్యువుని నానోకణంలో చుట్టి, పైన కొత్త నాళాల్ని వెతుక్కుని అతుక్కునే చిన్న పెప్టైడు తగిలించి, ఎలుకల నరంలోకి ఎక్కించారు. కంట్లో సూది లేదు. అడ్రసు రాసిన కవరులా కణాలు పిచ్చినాళం ఉన్న చోటికి చేరి దాన్ని తగ్గించాయి. 2013లో కోతుల్లోనూ చూశారు. ఆస్పత్రి కాయితం మీదికి మాత్రం ఇంకా రాలేదు. జూలియా లెవీ చేతి నరం నుంచి మొదలెట్టిన దారే ఇది, ఈసారి స్విచ్చు కణంలోనే పెట్టారు.

మరి ఈలోగా సూదే. నెలల తరబడి సూది తప్పించాలని బియ్యపుగింజంత మందుగిడ్డంగిని కంటి గోడలో అమర్చే పద్ధతికి 2021లో అమెరికా అనుమతిచ్చింది, ఏడాదికల్లా లోపాలొచ్చి కంపెనీ వెనక్కి పిలిచింది, సరిచేసి 2024లో మళ్ళీ తెచ్చింది. 2022లో వచ్చిన ఫారిసిమాబ్ మందు కొందరికి నాలుగు నెలలకోసారి వేసినా చాలుతోంది.

పొద్దున్న నాన్నకి ఇదంతా చెప్పాను. ఆయన విని రెండే ప్రశ్నలు వేశారు. "ఎనిమిదిన్నరకీ ఎనిమిదికీ తేడా ఉన్నట్టా లేనట్టా?" లేనట్టేనన్నాను. "మరి ఆ సీసా వీళ్ళు ఎక్కడ పంచుతారు?" ఆ ప్రశ్న నాకు రాత్రంతా చదివినా తట్టలేదు. వెళ్ళి అడిగాం. ఆస్పత్రిలోనే, ఏ గదిలో పంచుతారో, ఒక సీసాతో ఎంతమందికి వేస్తారో, మిగిలింది ఏం చేస్తారో ఆ కుర్ర డాక్టరు ఓపిగ్గా చెప్పి, బ్యాచ్ నంబరు రాసే రిజిస్టరు కూడా చూపించాడు. చవక మందు గడి దగ్గర నాన్నే సంతకం పెట్టారు. నన్ను పెట్టనివ్వలేదు.

ఇప్పటికి పదకొండు ఇంజెక్షన్లు అయ్యాయి. తలుపు పక్కన క్యాలెండరు కింద ఆమ్‌స్లర్ గ్రిడ్ జిరాక్సులు మేకుకి గుచ్చి పెట్టుకున్నారు, ఆదివారం పొద్దున్న ఒకటి తీసి గీస్తారు, తేదీ వేస్తారు. పోయిన వారం ఫోనులో, "అయిదో గడిలో ఇంకా కొంచెం ఒంపు ఉందిరా. ద్వారబంధం మాత్రం తిన్నగానే ఉంది" అన్నారు. తరవాతి సూది పద్నాలుగో తారీఖున.